మీకు తెలుసా? ఇంటికీ స్టార్లుంటాయి!

● ఫ్రిజ్ కొనేటప్పుడు స్టార్లు లెక్కపెడతాం కదా! ఆ లేబుల్‌ను 2006లో తెచ్చిన బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీయే ఇప్పుడు ఇళ్లకూ ఒకటి నుంచి ఐదు స్టార్లు ఇస్తోంది. ఇల్లు ఎంత పెద్దదని కాదు, చదరపు మీటరుకు ఏడాదికి ఎన్ని యూనిట్లు ఖర్చవుతాయన్నదే లెక్క.

● అండమాన్‌లో ఈ లెక్క మరీ ముఖ్యం. మెయిన్‌ల్యాండ్ నుంచి అక్కడికి కరెంటు లైను లేదు. సోలార్, కొద్దిపాటి జలవిద్యుత్తు ఉన్నా, ఎక్కువ భాగం ఓడల్లో వచ్చే డీజిల్‌తో జనరేటర్లు తిప్పి తీసేదే. యూనిట్‌కు దాదాపు పావు లీటరు డీజిల్ కావాలి.

● విశాఖలో ఓడెక్కి పోర్ట్ బ్లెయిర్‌లో (ఇప్పటి శ్రీవిజయపురం) దిగినా, ఇళ్ల నిబంధనల దృష్టిలో మీరు అదే వాతావరణంలో ఉన్నట్టే! 2018 నాటి ‘ఎకో నివాస్ సంహిత’ ప్రకారం రెండూ ఉక్కపోత మండలమే. ఇక్కడ ఇంటి వైశాల్యంలో ఆరో వంతు మేర తలుపులు, కిటికీలు బయటి గాలికి తెరుచుకోవాలి. పొడి ఎండలుండే చోట పదో వంతు చాలు.

● ఆ లెక్కన 120 చదరపు అడుగుల గదికి 20 చదరపు అడుగులు, అంటే నాలుగడుగుల వెడల్పు, ఐదడుగుల ఎత్తున్న కిటికీ కావాలి. కానీ అది రెండు రెక్కల స్లైడింగ్ కిటికీ అయితే సగమే లెక్కలోకి వస్తుంది. ఒక రెక్క ఎప్పుడూ రెండోదాని వెనకే ఉంటుంది మరి!

● ఏసీ లేబుల్ మీది యూనిట్లు ఏడాదికి 1,600 గంటల వాడకానికి వేసినవి. రోజూ రాత్రి 8 గంటల చొప్పున ఏడాదంతా వేస్తే 2,920 గంటలవుతుంది. బిల్లు చూసి లేబుల్‌ను తిట్టుకోకండి!

● స్టార్లతో పాటు లేబుల్ మీది సంవత్సరాలూ చూడండి. ప్రమాణాలు పెంచినప్పుడల్లా పాత ఐదు స్టార్ల మోడల్‌కు కొత్త లెక్కలో స్టార్లు తగ్గిపోవచ్చు.

● నికోబారీల సంప్రదాయ గుండ్రటి గుడిసెకు కిటికీలే ఉండవు! మనిషెత్తు గుంజల మీద, మందపాటి గడ్డి కప్పు కింద ఉంటుంది. నిచ్చెనెక్కి అడుగు నుంచే లోపలికి వెళ్లాలి. సముద్రపు గాలి కూడా ఆ దారినే, నేల పేళ్ల సందుల్లోంచి పైకొస్తుంది.