దూరాన ఉన్న గురువు, దగ్గర ఉన్న రోగి

కోల్‌కతా నగరంలో బి.టి. రోడ్డుమీద, బన్‌హుగ్లీ ప్రాంతంలో, జాతీయ చలన వైకల్య సంస్థ ఉన్నది. ఇది 1978లో ఏర్పడిన కేంద్ర ప్రభుత్వ సంస్థ. ఇక్కడి స్నాతకోత్తర ఫిజియోథెరపీ కోర్సులో ప్రవేశం అఖిల భారత పరీక్ష ద్వారా లభిస్తుంది. కనుక వంగ విద్యార్థి ప్రక్కన ఆంధ్ర, ఒడియా విద్యార్థులు కూర్చుండి చదువుకొనే వీలున్నది.

ఈ చదువు రెండేండ్లు. పాఠాలు, వార్డులలో చికిత్స, చివరకు ఒక సిద్ధాంత వ్యాసం. 2020 మార్చిలో కోవిడ్ కారణంగా కళాశాలలు మూతపడినపుడు దేశమంతటా బోధన ఆన్‌లైన్‌కు మారింది. మహమ్మారి తగ్గిన తరువాత కూడా, వేరొక ఊరిలోని అనుభవజ్ఞునితో తెరపై సంప్రదించడం సాధ్యమన్న ఎరుక మిగిలింది.

బోధన వేరు, మార్గదర్శనం వేరు. అధ్యాపకుడు పాఠం చెబుతాడు. మార్గదర్శి ప్రశ్న వేస్తాడు. ఒక ఉదాహరణ చూద్దాం. పక్షవాతం సోకిన రోగి నడుస్తున్నపుడు బరువు పడగానే మోకాలు వెనుకకు వంగుతున్నది. విద్యార్థి ప్రక్కనుండి, కాలు మొత్తం కనిపించేటట్లు, వీడియో తీసి పంపుతాడు. మార్గదర్శి దానిని ఒకచోట ఆపి అడుగుతాడు: తొడ ముందు కండరం బలహీనమై రోగి మోకాలిని వెనుకకు బిగిస్తున్నాడా? పిక్క బిగుసుకొని పాదం నేలకు నొక్కుకొంటున్నదా? లేక మోకాలు ఏ స్థితిలో ఉన్నదో రోగికి తెలియడమే లేదా? మొదటిదానికి కండర బలవర్ధనం, రెండవదానికి పిక్కను సాగదీయడం, అవసరమైతే చీలమండకు ఆధారపట్టీ, మూడవదానికి స్పర్శజ్ఞాన శిక్షణ. కారణం పొరబడితే రోగి నెలల తరబడి చేసిన వ్యాయామం వృథా అవుతుంది. మరునాడు విద్యార్థి తిరిగి పరీక్షించి జవాబు చెప్పాలి. ఆ జవాబే అసలు చదువు.

అయితే తెరకు స్పర్శ లేదు. కలకత్తా మెడికల్ కాలేజీలో 1836లో మధుసూదన్ గుప్త శవపరిచ్ఛేదం జరిపిన నాటినుండి దేహాన్ని తాకి నేర్చుకోవడం ఈ నగరపు వైద్యవిద్యలో భాగమైనది. కండరాల బిగువును కొలిచే సవరించిన యాష్‌వర్త్ కొలమానంలో 1కీ 1+కీ గల భేదం పుస్తకంలో ఒక వాక్యం. చేతికి తెలియడానికి ఎందరో రోగులను పరీక్షించాలి. అందుకు ప్రక్కన నిలబడే అధ్యాపకుడే కావాలి. అధ్యాపకుల కొరతను కప్పిపుచ్చడానికి ఆన్‌లైన్ మార్గదర్శనాన్ని వాడుకొంటే నష్టపోయేది రోగి.

భాష సంగతి కూడా చిన్నది కాదు. వంగ రోగి ‘బ్యథా’ అంటే ఒంటి నొప్పి. మన ‘వ్యథ’ మనసుకు సంబంధించినది. కాలు ‘ఝిన్‌ఝిన్’ అంటున్నదంటే తిమ్మిరి అని తెలుగు విద్యార్థి గ్రహించాలి. తెలుగువారు ఎందరో స్థిరపడిన ఖరగ్‌పూర్‌లో వంగ విద్యార్థికి ఎదురయ్యేది ఇదే ఇబ్బంది. రోగి భాష తెలిసిన సీనియరు ఒకరు పదినిమిషాలు తెరమీద తోడుంటే ఈ చిక్కు తీరుతుంది.

రోగి అనుమతి లేనిదే వీడియో తీయరాదు, ముఖం కనిపించకుండుట మేలు. వ్యక్తిగత సమాచార రక్షణకై 2023లో పార్లమెంటు చట్టం కూడా చేసినది. ఇక నెట్‌వర్కు మందకొడిగా ఉండే జిల్లా ఆసుపత్రులలో ప్రత్యక్ష ప్రసారానికి తంటాలు పడనక్కరలేదు. అరనిమిషపు వీడియో ముందుగా పంపి, ఫోనులో మాట్లాడుకొన్నా పని జరుగుతుంది.