స్టైల్ సరే, కరెంటు పోతే? ఇంటికి స్మార్ట్ గాడ్జెట్లు కొనే ముందు చూసుకోవాల్సినవి

ఈ ఎపిసోడ్‌లో ఇంటికి పనికొచ్చే గాడ్జెట్ల గురించి మాట్లాడుకుందాం. "కొత్త ఇల్లు కట్టుకున్నామండీ, కాస్త స్మార్ట్‌గా చేయించుకోవాలనుంది, ఏవి కొనమంటారు?" అని చాలామంది అడుగుతున్నారు. లిస్టు చదివేస్తే పది నిమిషాల్లో అయిపోతుంది. కానీ దానికంటే ముందు మా ఇంట్లో జరిగిన ఒక సంగతి చెప్పాలి. ఆ రోజు తర్వాత నేను వస్తువులు కొనే పద్ధతే మారిపోయింది.

మా అమ్మానాన్నలు తెనాలిలో ఉంటారు, నేను హైదరాబాద్‌లో. ఇంటికి రంగులు వేయించినప్పుడు ముచ్చటపడి వీధి తలుపుకి స్మార్ట్ లాక్ పెట్టించాను. నల్లటి గాజు పలక, వేలు పెడితే నీలం లైటు వెలుగుతుంది, చూడటానికి పెద్ద హోటల్ తలుపులా ఉండేది. వచ్చిన చుట్టాలందరికీ నాన్న దాన్ని చూపించేవారు కూడా.

మే నెల, ఒక సాయంత్రం. అమ్మ స్టవ్ మీద పాలు పెట్టి, ఆరేసిన బట్టలు తెద్దామని బయటి మెట్ల మీంచి డాబా ఎక్కింది. గాలికి తలుపు పడింది. పడగానే దానంతట అదే లాక్ అయిపోయింది. ఆ సెట్టింగ్ పెట్టింది నేనే. నాన్న లోపల గదిలో నిద్రపోతున్నారు, వినికిడి మిషన్ తీసి పక్కన పెట్టారు. అమ్మ కిందికొచ్చి వేలు పెట్టింది, తీసుకోలేదు. గుర్తున్నంతలో నంబరు కొట్టింది, తప్పు. మళ్లీ మళ్లీ కొట్టేసరికి, ఎవరో దొంగ అనుకుని ఆ లాక్ కాసేపు ఎవరి నంబరూ తీసుకోకుండా ఆగిపోయింది. ఫోనేమో లోపల ఉంది. పక్కింటి వాళ్ల ఫోన్ నుంచి నాకు చేసింది. "ఒరేయ్, ఈ తాళం నన్ను గుర్తుపట్టటం లేదురా. స్టవ్ మీద పాలున్నాయి."

నేను గబగబా యాప్ తెరిచాను. "డివైస్ ఆఫ్‌లైన్" అని వచ్చింది. అక్కడ కరెంటు లేదు. లాక్ బ్యాటరీ మీద బతికే ఉంది కానీ వైఫై రౌటర్ ఆగిపోయింది, ఇక నా మాట దానికెలా చేరుతుంది? లాక్‌తో పాటు మామూలు తాళంచెవి కూడా ఇచ్చారు. అది ఎక్కడుందంటే, లోపల బీరువాలో భద్రంగా ఉంది.

చివరికి పక్కింటి వాళ్లబ్బాయి గోడ దూకి పెరటి వైపు నుంచి వెళ్లాడు. ఆ తలుపు దగ్గరగా వేసి ఉంది, గడియ పెట్టలేదు. అప్పటికే పాలు పొంగి మంట ఆరిపోయి, వంటిల్లంతా గ్యాస్ వాసన. అతను రెగ్యులేటర్ కట్టేసి కిటికీలు తెరిచాడు. ఎవరికీ ఏమీ కాలేదు. కరెంటు లేదు కాబట్టి చీకట్లో ఎవరూ లైటు స్విచ్ వేయలేదు, అది కూడా మా అదృష్టమే.

ఇందులో తప్పెవరిది? తాళం చెడిపోలేదండీ. దానికి చెప్పిన పని అది చక్కగా చేసింది. తప్పు నాది. అది ఎలా కనిపిస్తుందో చూశాను, ఫోన్‌లో ఏమేం చేస్తుందో చూశాను. ఏదీ పనిచేయని రోజున మా అమ్మ ఏం చేయాలో మాత్రం చూడలేదు.

అప్పట్నుంచి ఏది కొనాలన్నా మూడు ప్రశ్నలు వేసుకుంటున్నాను. మీరూ వేసుకోండి. ఒకటి, కరెంటూ నెట్టూ రెండూ పోయినప్పుడు దీన్ని చేత్తో వాడుకోవచ్చా? రెండు, ఇంట్లో ఫోన్ అందరికంటే తక్కువ వాడే మనిషి ఒంటరిగా ఉన్నప్పుడు దీన్ని వాడగలరా? మూడు, ఇది మనకి ఏం మిగులుస్తుంది? డబ్బులా, శ్రమా, లేక ఒక ప్రమాదాన్ని తప్పిస్తుందా? ఈ మూడింటికీ జవాబు దొరికాక రంగు, డిజైన్ చూసుకుందాం. అందం వద్దని నేను అనటం లేదు, దాని వంతు నాలుగోది అంటున్నాను.

ఇప్పుడు ఒక్కొక్కటి చూద్దాం. ముందు తాళాలు. వేలిముద్ర సెన్సర్ చదివేది మన వేలి మీద గీతల ఎత్తుపల్లాలని. ఏళ్ల తరబడి గిన్నెలు తోమిన చేతులకి, పొలం పని చేసిన చేతులకి ఆ గీతలు అరిగిపోతాయి. వయసు మీదపడితే చర్మం పొడిబారుతుంది. రేషన్ షాపులో మెషిన్ మీద వేలు పడక నాలుగైదుసార్లు తుడుచుకుని పెట్టే పెద్దవాళ్లని మీరు చూసే ఉంటారు. ఇదీ అదే సమస్య. అందుకని పెద్దవాళ్లున్న ఇంటికి స్మార్ట్ లాక్ తీసుకుంటే, కార్డు ఆనిస్తే తెరుచుకునే సౌకర్యం ఉన్నది తీసుకోండి. ఒక్కొక్కరివి నాలుగు వేళ్లు ఎక్కించండి, రెండు చేతులవీ. మామూలు తాళంచెవి తప్పకుండా ఉండాలి, అది ఇంటి బయట నమ్మకమైన వాళ్ల దగ్గర ఉండాలి. దానంతట అదే లాక్ అయ్యే సెట్టింగ్ పగటిపూట తీసేయండి. బ్యాటరీ పూర్తిగా అయిపోతే బయటి నుంచి ఛార్జర్ గానీ చిన్న బ్యాటరీ గానీ ఆనించి తెరిచే ఏర్పాటు ఉందో లేదో కొనేటప్పుడే అడగండి.

రెండోది గ్యాస్ లీక్ అలారం. చూడటానికి చిన్న ప్లాస్టిక్ డబ్బా, షో ఏమీ ఉండదు. కానీ మా ఇంట్లో జరిగిన దానికి అసలు మందు ఇదే. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. పొగ అలారంలాగా దీన్ని కూడా పైకప్పు దగ్గర పెట్టిస్తారు. మన సిలిండర్‌లో ఉండే ఎల్‌పీజీ గాలికంటే బరువు. లీకైతే నీళ్లలాగా కిందికి దిగి నేల మీద పరుచుకుంటుంది. కాబట్టి అలారం నేల నుంచి ఒక అడుగు ఎత్తులో ఉండాలి. మీకు పైపు గ్యాస్ కనెక్షన్ ఉంటే మాత్రం లెక్క తిరగబడుతుంది. అందులో వచ్చేది మీథేన్, గాలికంటే తేలిక, పైకి పోతుంది. దానికి అలారం పైకప్పుకి దగ్గరగా ఉండాలి. మీ గ్యాస్ ఏదో చెప్పి, దానికి తగ్గ అలారం కొనండి. ఇవి చాలావరకు కరెంటు మీద నడిచేవే, కాబట్టి బ్యాటరీ బ్యాకప్ ఉన్నది చూసుకోండి, లేదా ఇన్వర్టర్ లైనులో పెట్టించండి. లోపల సెన్సర్‌కి కొన్నేళ్ల ఆయుష్షే ఉంటుంది, డబ్బా మీద ఉన్న గడువు చూసి మార్చేయాలి.

ఇంకో మాట. "గ్యాస్ లీకైతే ఎగ్జాస్ట్ ఫ్యాన్ దానంతట అదే ఆన్ అయ్యేలా స్మార్ట్ ప్లగ్‌తో కనెక్ట్ చేశాను" అని ఒకాయన నాకు గర్వంగా చెప్పారు. దయచేసి అలా చేయకండి. రిలే పడినప్పుడు, మోటారు మొదలైనప్పుడు చిన్న నిప్పురవ్వ వస్తుంది. గ్యాస్ నిండిన గదిలో ఆ రవ్వ చాలు. వాసన వస్తే ఏ స్విచ్చూ వేయొద్దు, తీయొద్దు. రెగ్యులేటర్ కట్టేయండి, తలుపులు, కిటికీలు తెరవండి, బయటికొచ్చి 1906కి ఫోన్ చేయండి. ఎల్‌పీజీ అత్యవసర నంబరు అది. ఒక కాగితం మీద రాసి వంటింటి బయట అతికించండి.

మూడోది ఫ్యాన్లు. స్టైలుకి స్టైలు, ఆదాకి ఆదా, రెండూ కలిసొచ్చేది ఇక్కడే. మామూలు సీలింగ్ ఫ్యాన్ ఫుల్ స్పీడులో దాదాపు 75 వాట్లు తీసుకుంటుంది. బీఎల్‌డీసీ ఫ్యాన్ అయితే దాదాపు 30. తేడా 45 వాట్లు. రోజుకి 15 గంటలు తిరిగితే నెలకి 20 యూనిట్లు మిగులుతాయి. యూనిట్ ఆరు రూపాయలు అనుకుంటే ఒక్క ఫ్యాన్ మీద నెలకి 120 రూపాయలు. నాలుగు ఫ్యాన్లకి 80 యూనిట్లు తగ్గితే, బిల్లులో శ్లాబు కూడా కిందికి దిగొచ్చు. కరెంటు పోయినప్పుడు దీని విలువ ఇంకా బాగా తెలుస్తుంది. నాలుగు పాత ఫ్యాన్లు 300 వాట్లు లాగుతాయి, ఇవి 120. అదే ఇన్వర్టర్, అదే బ్యాటరీ, రెట్టింపు కంటే ఎక్కువసేపు ఫ్యాన్లు తిరుగుతాయి. బిగించేటప్పుడు ఒక జాగ్రత్త. బీఎల్‌డీసీ ఫ్యాన్‌ని పాత రెగ్యులేటర్‌కి కలపకూడదు, నేరుగా స్విచ్‌కి ఇవ్వాలి. రిమోట్ పోతుందన్న భయం ఉంటే, గోడ మీద తిప్పుకునే రెగ్యులేటర్‌తో వచ్చే మోడల్స్ కూడా ఉన్నాయి. పెద్దవాళ్ల గదికి అవి నయం. 2023 జనవరి నుంచి సీలింగ్ ఫ్యాన్ల మీద స్టార్ లేబుల్ తప్పనిసరి అయింది, అది చూసి కొనండి.

నాలుగోది లైట్లు. స్మార్ట్ బల్బు కొంటాం, రంగులు మారుతుంటే పిల్లలు సంబరపడతారు. రెండో రోజు అమ్మ అలవాటుగా గోడ మీద స్విచ్ కట్టేస్తుంది. అంతే, బల్బుకి కరెంటే లేనప్పుడు ఫోన్ ఏం చేస్తుంది? దానికంటే స్విచ్ బోర్డు లోపల అమర్చే చిన్న మాడ్యూల్ మేలు. బయట మీ పాత స్విచ్చే ఉంటుంది, చేత్తోనూ వేసుకోవచ్చు, ఫోన్‌తోనూ వేసుకోవచ్చు. చాలా మాడ్యూల్స్‌కి బోర్డులో న్యూట్రల్ వైరు కావాలి, కాబట్టి కొత్త ఇల్లు కట్టేవాళ్లు వైరింగ్ అప్పుడే ఎలక్ట్రీషియన్‌కి చెప్పి ప్రతి బోర్డుకీ న్యూట్రల్ లాగించుకోండి. గోడలు పూర్తయ్యాక పగలగొట్టించడం కంటే అది ఎంతో తేలిక.

లైట్లలో నాకు బాగా నచ్చినది అన్నింటికంటే చవకది. మనిషి కదిలితే వెలిగే చిన్న లైటు. నెట్ అక్కర్లేదు, యాప్ అక్కర్లేదు, బ్యాటరీతో నడిచేవీ దొరుకుతాయి. మంచం నుంచి బాత్రూమ్ దాకా మోకాలి ఎత్తులో రెండు పెట్టండి. రాత్రి లేచినప్పుడు స్విచ్ కోసం తడుముకునే పని ఉండదు. పెద్ద వయసులో ఒకసారి జారి పడితే ఎంత కష్టమో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఐదోది నీళ్ల ట్యాంకు. డాబా మీంచి నీళ్లు పొంగి కారుతుంటే వీధంతా "మోటారు కట్టండీ" అని అరుస్తుంది కదా. ట్యాంకు నిండగానే మోటారు ఆపేసే కంట్రోలర్ దీనికి సరిపోతుంది. సంపులో నీళ్లు లేనప్పుడు మోటారు మొదలవకుండా చూసేదే తీసుకోండి, లేకపోతే ఉత్తినే తిరిగి మోటారు కాలిపోతుంది. నీళ్లలో మునిగి ఉండే కడ్డీల సెన్సర్లకి మన బోరు నీళ్లతో ఉప్పు పేరుకుపోతుంది, అప్పుడప్పుడు శుభ్రం చేయాలి. బంతిలా తేలే ఫ్లోట్ సెన్సర్‌కి ఆ బాధ తక్కువ. దీన్ని కూడా చేత్తో వేసుకునే మామూలు స్విచ్ ఉంచుకునే బిగించుకోండి.

కెమెరాల గురించి క్లుప్తంగా. వచ్చిన పాస్‌వర్డ్‌ని అలాగే ఉంచొద్దు. 2016లో మిరాయ్ అనే ప్రోగ్రామ్, పాస్‌వర్డ్ మార్చని కెమెరాల్లో, వీడియో రికార్డర్లలో దూరి, వాటన్నిటితో ఒకేసారి దాడి చేయించి పెద్ద పెద్ద వెబ్‌సైట్లనే ఆపేసింది. ఆ కెమెరాల యజమానులకి చాలామందికి ఆ విషయమే తెలియదు. వీధి గుమ్మం వైపు పెట్టుకోండి, పడకగదిలో మాత్రం వద్దు.

కంపెనీ మీదే పూర్తిగా ఆధారపడే వస్తువుల సంగతీ తెలుసుకోవాలి. అమెరికాలో రివాల్వ్ అని ఇంటి లైట్లనీ తాళాల్నీ నడిపే పరికరం ఉండేది, దాదాపు 300 డాలర్లు. 2014లో ఆ కంపెనీని నెస్ట్ కొనేసింది, 2016లో సర్వర్ ఆపేసింది. ఇంట్లో ఉన్న పరికరం బాగానే ఉంది, కానీ ఎందుకూ పనికిరాకుండా పోయింది. అందుకే 2022లో వచ్చిన మ్యాటర్ అనే ప్రమాణం ఉన్న వస్తువులు దొరికితే చూడండి. వేర్వేరు కంపెనీలవి కలిసి పనిచేస్తాయి, ఇంట్లోని నెట్‌వర్క్‌లోనే ఒకదానితో ఒకటి మాట్లాడుకోగలవు.

మరి ఏ వరసలో కొనాలి? నన్నడిగితే మొదట డబ్బులు పెట్టాల్సింది ఎవరికీ కనిపించని చోట. మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉందా, ఎర్తింగ్ సరిగ్గా ఉందా చూపించుకోండి. గీజర్ దగ్గర షాక్ కొడితే వెంటనే కరెంటు తెంపేది అదే. దాని మీద టెస్ట్ బటన్ ఉంటుంది, అప్పుడప్పుడు నొక్కి చూడండి. తర్వాత గ్యాస్ అలారం, రాత్రి లైట్లు. తర్వాత ఫ్యాన్లు, ట్యాంకు. రౌటర్‌కి ఒక చిన్న యూపీఎస్. తాళాలు, కెమెరాలు, రంగుల బల్బులు ఆ తర్వాతే.

తెనాలి ఇంట్లో ఆ లాక్ ఇప్పటికీ ఉంది, తీసేయలేదు. అమ్మ మెడలో గొలుసుకి కార్డు ఉంటుంది, తాళంచెవి పక్కింట్లో ఉంటుంది. వంటింట్లో నేలకి అడుగు ఎత్తులో తెల్లటి డబ్బా ఉంది. చుట్టాలొస్తే నాన్న ఇంకా ఆ నీలం లైటే చూపిస్తారు. అమ్మ మాత్రం ఆ డబ్బాని చూపిస్తుంది.

ఈ వారం ఒక్క పని చేయండి. మీ ఇంట్లో మెయిన్ కట్టేసి, ఫోన్లన్నీ పక్కన పెట్టి, ఒక పావుగంట ఇల్లంతా తిరగండి. ఏది పనిచేయదో రాసుకోండి. మీరు కొనాల్సిన లిస్టు అక్కడే దొరుకుతుంది.