జింక్ ఫెర్రైట్: సూత్రం ఒకటే, స్వభావాలు రెండు

జింక్ అయాన్‌కు అయస్కాంత భ్రామకం లేదు. అయినా నికెల్ ఫెర్రైట్‌లో కొంత నికెల్‌కు బదులుగా జింక్‌ను చేరిస్తే సంతృప్త అయస్కాంతీకరణ తగ్గదు సరికదా, పెరుగుతుంది. ఈ చిక్కు విడిపోతే ఫెర్రైట్‌ల ధర్మాలు తయారీ పద్ధతిపై ఎందుకు ఆధారపడతాయో కూడా బోధపడుతుంది.

స్పైనెల్ ఫెర్రైట్ యూనిట్ సెల్‌లో 32 ఆక్సిజన్ అయాన్ల నడుమ 8 చతుర్ముఖీయ (ఎ), 16 అష్టముఖీయ (బి) స్థానాలను లోహ అయాన్లు ఆక్రమిస్తాయి. 1948లో లూయీ నీల్ ప్రతిపాదించిన సిద్ధాంతం ప్రకారం ఈ రెండు ఉపజాలకాల భ్రామకాలు పరస్పరం వ్యతిరేక దిశలలో ఉంటాయి. మనం కొలిచేది వాటి భేదాన్ని. నికెల్ ఫెర్రైట్‌లో ఎ స్థానంలోని ఫెర్రిక్ అయాన్ 5 బోర్ మాగ్నెటాన్లు, బి స్థానంలోని ఫెర్రిక్, నికెల్ అయాన్లు కలిసి 7, భేదం 2. జింక్ ఎ స్థానాన్ని ఇష్టపడుతుంది, అక్కడి ఫెర్రిక్ అయాన్‌ను బి స్థానానికి నెడుతుంది. నాలుగో వంతు నికెల్ స్థానే జింక్ చేరితే ఎ విలువ 3.75, బి విలువ 7.75, భేదం 4 అవుతుంది. ఈ లెక్కను చివరిదాకా పొడిగిస్తే శుద్ధ జింక్ ఫెర్రైట్‌కు 10 రావాలి. వాస్తవంలో జింక్ దాదాపు సగానికి చేరేసరికే అయస్కాంతీకరణ తగ్గుముఖం పడుతుంది. ఎ స్థానంలో అయస్కాంత అయాన్లు పలచబడగా ఎ–బి అన్యోన్య చర్య బలహీనమై, బి స్థానపు స్పిన్‌లు ఒకదానికొకటి కోణంలో వాలుతాయి. యాఫెట్, కిట్టెల్ 1952లో ఇచ్చిన వివరణ ఇదే.

పిండ రూపంలోని జింక్ ఫెర్రైట్ సాధారణ స్పైనెల్. సుమారు 10 కెల్విన్‌ల దిగువన ప్రతిఫెర్రో అయస్కాంతం, గది ఉష్ణోగ్రత వద్ద పారా అయస్కాంతం. అదే పదార్థాన్ని సోల్–జెల్ స్వయందహనం ద్వారానో, బాల్ మిల్లులో దీర్ఘకాలం నూరడం ద్వారానో నానో కణాలుగా తయారుచేస్తే గది ఉష్ణోగ్రత వద్దే గణనీయమైన అయస్కాంతీకరణ కనిపిస్తుంది. నైట్రేట్–సిట్రేట్ జెల్ అంటుకొని క్షణాలలో బూడిదగా మారేటప్పుడు అయాన్లకు తమ సమతాస్థితి స్థానాలను చేరుకునే వ్యవధి ఉండదు. కొంత జింక్ బి స్థానంలో, కొంత ఇనుము ఎ స్థానంలో చిక్కుకుపోతాయి. ఎ–బి అన్యోన్య చర్య మళ్లీ మేల్కొంటుంది.

అయితే ఈ నిర్ధారణకు రావడంలో మన ప్రయోగశాలలు తరచూ తొందరపడుతున్నాయనిపిస్తుంది. ఎక్స్-కిరణ వివర్తనంలో ఏకప్రావస్థ కనిపించగానే అయాన్ల పంపిణీ తెలిసినట్లు రాయడం సరికాదు. ఇనుము, జింక్ పరమాణు సంఖ్యలు 26, 30. సాధారణ రాగి వికిరణంతో వాటిని వేరుచేసి చూడడం కష్టం. పైగా మలినంగా మిగిలిన మాగ్హెమైట్‌ది కూడా స్పైనెల్ నిర్మాణమే. జాలక స్థిరాంకాలు 8.35, 8.44 ఆంగ్‌స్ట్రామ్‌లు కాబట్టి, నానో కణాల వెడల్పాటి శిఖరాలలో స్వల్ప పరిమాణపు మాగ్హెమైట్ సులువుగా దాగిపోతుంది. గది ఉష్ణోగ్రత వద్ద తీసిన మోస్‌బౌయర్ వర్ణపటం సైతం చాలదు. సూపర్ పారా అయస్కాంత కణాలు కూడా జంట రేఖలనే ఇస్తాయి. అల్ప ఉష్ణోగ్రత వద్ద, బలమైన బాహ్య క్షేత్రంలో తీస్తే ఎ, బి స్థానాల ఆరు రేఖల సమూహాలు విడివడతాయి. న్యూట్రాన్ వివర్తనం మరో మార్గం.

ఈ చిక్కంతా ఎందుకని అధిక ఉష్ణోగ్రత వద్ద సింటరింగ్ చేసి, నెమ్మదిగా చల్లార్చి సమతాస్థితికి తేవచ్చు. కాని అక్కడ జింక్ ఆవిరవుతుంది. ఆక్సిజన్ కూడా తగ్గితే ఫెర్రస్ అయాన్లు ఏర్పడి, బి స్థానాలలో ఫెర్రస్–ఫెర్రిక్ అయాన్ల మధ్య ఎలక్ట్రాన్ల గెంతులు మొదలవుతాయి. ట్రాన్స్‌ఫార్మర్ కోర్‌కు ఫెర్రైట్‌ను ఎంచుకునేలా చేసిన అధిక విద్యుత్ నిరోధకతే అప్పుడు పడిపోతుంది.