ఎలుకంత ఏనుగు

మీ ఇంట్లో చిన్న తమ్ముడో చెల్లెలో ఉంటే వాళ్ల అక్షరాల పుస్తకం ఒకసారి తెరిచి చూడండి. 'ఎ' దగ్గర ఎలుక ఉంటుంది. పక్క గడిలో 'ఏ' దగ్గర ఏనుగు. రెండు గడులూ ఒకే కొలతలో ఉంటాయి. ఎలుక తన గడిని నిండుగా ఆక్రమిస్తే, ఏనుగు తన గడిలో బుద్ధిగా ఒదిగిపోతుంది. బాగా ఎదిగిన మగ ఏనుగు నాలుగు టన్నులు తూగుతుంది. ఎలుక బరువు 200 గ్రాములనుకుందాం. అంటే ఒక్క ఏనుగుకు సరితూగాలంటే 20,000 ఎలుకలు కావాలి!

అక్షరం నేర్పడానికి వేసిన బొమ్మలో కొలతలు వెదకడమేమిటని మీరడగవచ్చు. నిజమే, అక్షరం వరకైతే పేచీ లేదు. కానీ ఇదే అలవాటు అడవి జంతువుల గురించి, సముద్ర జీవుల గురించి పసిపిల్లలకు చెప్పే పుస్తకాల్లోకి కూడా వస్తుంది. అక్కడ విషయం చెప్పేది బొమ్మే. ఎలుకను పిల్లలు వంటింట్లో చూస్తారు. బొమ్మ తప్పు చెప్పినా వాళ్ల కన్ను సరిదిద్దుకుంటుంది. మరి తిమింగిలాన్ని, పెంగ్విన్‌ను ఎక్కడ చూస్తారు? వాటి విషయంలో ఆ బొమ్మ ఒక్కటే సాక్షి.

అసలు బొమ్మను బొమ్మగా చూడటం కూడా పుట్టుకతో వచ్చే విద్య కాదు. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త జూడీ డిలోష్, ఆమె సహచరులు 1998లో ప్రచురించిన పరిశోధన ఈ సంగతిని చక్కగా చూపింది. తొమ్మిది నెలల పిల్లల ముందు వస్తువుల రంగు ఫోటోలున్న పుస్తకాలు పెట్టారు. పిల్లలు కాగితం మీది వస్తువును తడిమారు, రుద్దారు, పట్టుకుని పైకి తీయబోయారు. బొమ్మల పుస్తకాలు అంతగా ఎరుగని ఐవరీ కోస్ట్ పల్లెల్లోని పసివాళ్లూ అచ్చం అలాగే చేశారు. అమెరికా పిల్లల్లో 19 నెలలు వచ్చేసరికి పట్టుకునే ప్రయత్నం చాలావరకు తగ్గిపోయి, దాని బదులు వేలు పెట్టి చూపించడం మొదలైంది. కాగితం మీద ఉన్నది వస్తువు కాదు, వస్తువుకు గుర్తు అని తెలిసింది కాబోలు.

గుర్తు అసలుకు ఎంత దగ్గరగా ఉంటే అంత మేలని ఆ తరువాతి పరిశోధనలు తేల్చాయి. పట్రీషియా గేనియా, డిలోష్ తదితరులు 2008లో చేసిన పరీక్షల్లో ఏడాదిన్నర లోపు పిల్లలకు పుస్తకంలో ఒక కొత్త వస్తువును చూపి పేరు నేర్పారు. తరువాత అసలు వస్తువును ముందు పెట్టారు. ఫోటోలతో నేర్చుకున్నవారు కార్టూన్ బొమ్మలతో నేర్చుకున్నవారికన్నా బాగా గుర్తుపట్టారు. తెరిస్తే లేచి నిలబడే, లాగితే కదిలే హంగులున్న పుస్తకాలను 2010లో పరీక్షిస్తే, సాదా ఫోటోల పుస్తకాల నుంచే పిల్లలు ఎక్కువ నేర్చుకున్నారని తేలింది. హంగుల పుస్తకాలకే ధర ఎక్కువని వేరే చెప్పనక్కరలేదు!

ఇక ప్రపంచమంతా పేరు పొందిన ఒక పుస్తకం చూద్దాం. ఎరిక్ కార్ల్ రాసి, బొమ్మలు వేసిన ఆకలిగొన్న గొంగళిపురుగు కథ 1969లో వెలువడింది. పురుగు తిన్న ప్రతి పండులోనూ నిజంగానే ఒక రంధ్రం ఉంటుంది. పిల్లలు అందులో వేలు దూర్చవచ్చు. ఇలా చిల్లులు పెట్టి అచ్చువేయడం అమెరికాలో గిట్టుబాటు కాక, మొదటి ముద్రణ జపాన్‌లో చేయించారు. గుడ్డు, గొంగళిపురుగు, గూడు, సీతాకోకచిలుక - ఒక జీవిత చక్రమంతా నాలుగు మాటల్లో అందులో ఇమిడి ఉంది.

అయితే చిక్కంతా ఆ గూడు దగ్గరే ఉంది. దారం వడికి చుట్టూ గూడు అల్లుకోవడం చాలావరకు మాత్‌ల పద్ధతి. సీతాకోకచిలుకల్లో ఎక్కువ భాగం గూడు అల్లవు. గొంగళిపురుగు చివరిసారి చర్మం విడిచేసరికి గట్టి పెంకు ఉన్న ప్యూపా బయటపడుతుంది. హిందూపురం ప్రాంతంలో పట్టుపురుగులు పెంచే రైతుబిడ్డనడగండి, పట్టుగూట్లోంచి రంగుల చిలుక రాదనీ, సరిగా ఎగరలేని బొద్దు తెల్ల పురుగు వస్తుందనీ చెబుతారు. పార్నాసియన్ అనే సీతాకోకచిలుకలు గూడు కట్టుకుంటాయని కార్ల్ సమాధానమిచ్చారు. అది నిజమే గానీ అవి అరుదు.

ఇందులో గమనించదగ్గ విషయం మరొకటుంది. అదే పురుగు చాక్లెట్ కేకు, ఐస్‌క్రీమ్ కూడా తింటుంది. అది తమాషా అని నాలుగేళ్ల పిల్లకూ తెలుసు. గూడు మాత్రం తమాషాలా కనిపించదు, నిజంలా కనిపిస్తుంది. కథల పుస్తకం కాబట్టి దాన్ని నేను సంతోషంగా క్షమిస్తాను. దాన్ని చూసి బొమ్మ దింపుకునే సైన్సు పుస్తకాలను క్షమించలేను.

తమాషాలన్నీ హాని లేనివేనా? అదీ చెప్పలేం. మనుషుల్లా మాట్లాడే, ఆలోచించే జంతువులున్న పుస్తకాలను గేనియా బృందం 2014లో పరీక్షించింది. అవి విన్న చిన్నపిల్లలు నిజమైన జంతువులకు కూడా మనుషుల లక్షణాలు అంటగట్టడం ఎక్కువగా కనిపించింది. పంచతంత్రం కట్టిపెట్టమని కాదు. కాకి ఎలా గూడు కడుతుందో చెప్పే పుస్తకంలో కాకికి చొక్కా తొడగకపోతే చాలు.

అనువాదకుల ఇబ్బంది కూడా కొంత చెప్పాలి. మాత్‌కు, సీతాకోకచిలుకకు మన వాడుకలో తేడా పెద్దగా పాటించం. అందుకని నేను 'రాత్రిపూట దీపం చుట్టూ తిరిగే రెక్కల పురుగు' అని విడమరిచి రాస్తుంటాను. మాటనైతే ఇలా సరిదిద్దవచ్చు, బొమ్మనెలా? ఖర్చు తగ్గించడానికి ఒకే పుస్తకాన్ని అనేక భాషల్లో వేసేటప్పుడు సాధారణంగా రంగుల బొమ్మలు అన్నింటికీ ఒకటే ఉంటాయి. అక్షరాలున్న నల్ల సిరా ప్లేటు మాత్రమే మారుతుంది. మన దేశంలో తక్కువ ధరకు బొమ్మల పుస్తకాలు అందడానికి ఈ ఏర్పాటు ఎంతో తోడ్పడింది. కానీ బొమ్మలో ఒక కాలు ఎక్కువైతే అన్ని భాషల పురుగులకూ కాలు ఎక్కువే!

కొలతల చిక్కుకు మాత్రం మంచి విరుగుడులున్నాయి. పక్కన మనిషినో, చేతినో గీయడం అందరికీ తెలిసిన ఉపాయం. అమెరికా రచయిత స్టీవ్ జెంకిన్స్ 2004లో ఇంకా ముందుకు వెళ్లి, జంతువులను అసలు కొలతల్లోనే వేశారు. గొరిల్లా మొత్తం పట్టదు కాబట్టి దాని చేయి ఒక్కటే వేశారు. పిల్లలు దాని మీద తమ చేయి ఆనించి చూసుకోవచ్చు.

ఏనుగుతో మీరూ ఇలా చేయవచ్చు. ఆసియా ఏనుగు ముందుకాలి పాదం చుట్టుకొలతను రెండుతో గుణిస్తే, భుజం వరకు దాని ఎత్తు దాదాపుగా వస్తుంది. 2.7 మీటర్ల ఏనుగు పాదం చుట్టుకొలత 1.35 మీటర్లు. అంటే అడ్డకొలత సుమారు 43 సెంటీమీటర్లు. వార్తాపత్రికను పూర్తిగా విప్పి పరిచి, ఆ కొలతతో వృత్తం గీయండి. అందులో తోక కాకుండా 20 సెంటీమీటర్ల ఎలుకను గీయండి. గోడ మీద 2.7 మీటర్ల ఎత్తున సుద్దముక్కతో గీత పెట్టండి. అది మీ గుమ్మం కన్నా పైకి ఉంటుంది. చిట్టి తమ్ముణ్నో చెల్లెల్నో ఆ పాదంలో నిలబెట్టి, పైనున్న గీతను చూపించండి. తరువాత అక్షరాల పుస్తకంలో 'ఏ' దగ్గరి బొమ్మ తెరిచి, ఏమంటారో వినండి.