బోల్టు పట్టింది సరే.. పార్టు కుదిరిందా?

పాతికేళ్లు దాటిన ట్రాక్టర్ ఇంజిన్ విప్పితే, అందులో అన్నీ ఒకే బండి పార్టులు ఉంటాయన్న గ్యారంటీ లేదు. క్రాంక్ విరిగినప్పుడు స్క్రాప్‌లోంచి ఒకటి, హెడ్ పగిలినప్పుడు ఇంకో బండిది.. పని ఆగకూడదని ఏది దొరికితే అది బిగించేసి ఉంటారు. అందుకే మెకానిక్‌గా నేను ఇంజిన్ విప్పగానే ముందు మసి తుడిచి నంబర్లు చదువుతాను.

చిక్కేంటంటే, తప్పు పార్టు కూడా చక్కగా పడుతుంది. ఇంజిన్ స్టార్టవుతుంది కూడా. దుక్కిలో లోడు పడ్డాకే అసలు సంగతి బయటపడుతుంది. అప్పటికే రైతు డబ్బంతా పెట్టేసి ఉంటాడు.

రెండున్నర మిల్లీమీటర్లు

మన ఊళ్లలో తిరిగే పాత మాసీ ఫెర్గూసన్లనే తీసుకోండి. వీటిలో పెర్కిన్స్ డిజైన్ మూడు సిలిండర్ల డీజిల్ ఇంజిన్లు బాగా కనిపిస్తాయి. చెన్నైలోని సింప్సన్ కంపెనీ లైసెన్స్ తీసుకుని వీటిని ఇక్కడే తయారుచేసింది. పెర్కిన్స్‌లో 3.144, 3.152 అని రెండు రకాలున్నాయి. 3 అంటే సిలిండర్లు, చుక్క తర్వాతిది ఘనపుటంగుళాల్లో ఇంజిన్ కెపాసిటీ. రెండింటి స్ట్రోకూ 127 మిల్లీమీటర్లే. బోరు మాత్రం మొదటిదానికి 88.9, రెండోదానికి 91.44. ఈ తేడా కంటికి ఆనదు, కొలిస్తేనే తెలుస్తుంది.

పిస్టన్ తల చూడండి

కొలత కలిసినా పని అయిపోలేదు. 3.152లోనే మళ్లీ తేడాలున్నాయి. ఏడీ 3.152లో డీజిల్ నేరుగా సిలిండర్‌లోకి చిమ్ముతుంది కాబట్టి పిస్టన్ తలమీద లోతైన గుంట ఉంటుంది. అంతకుముందు రకంలో డీజిల్ హెడ్‌లోని చిన్న గదిలో మండటం మొదలవుతుంది, పిస్టన్‌కి అలాంటి గుంట అక్కర్లేదు. బోరు ఒకటే కనుక రెండూ దూరిపోతాయి. హెడ్ ఒక రకం, పిస్టన్ ఇంకో రకం పడితే కంప్రెషన్ లెక్క తప్పుతుంది.

ఈమధ్య ఒక పెద్దాయన బండి తెచ్చారు. "కొత్త పిస్టన్లే వేయించాను బాబూ, అయినా పొద్దున్నే స్టార్టవదు, ఒకటే తెల్లపొగ" అన్నారు. హెడ్ తీసి చూస్తే రెండు పిస్టన్ల గుంటలు ఒకలా, మూడోదాని గుంట ఇంకోలా ఉన్నాయి. "సైజు ఒకటేనన్నారు, నాకేం తెలుస్తుంది?" అన్నారాయన. ఆ సీజన్ దమ్మంతా అద్దె ట్రాక్టర్‌తో చేయించుకున్నారట.

జంట నంబర్లు

కనెక్టింగ్ రాడ్‌నీ, దాని క్యాప్‌నీ కలిపి బిగించి ఒకేసారి బోరు చేస్తారు. రెండింటిమీదా ఒకే నంబర్ ఉంటుంది, బిగించాక అవి ఒకేవైపు రావాలి. రాడ్ మీద 2, క్యాప్ మీద 3 కనిపించిందా? ఎవరో తారుమారు చేశారు. మెయిన్ బేరింగ్ క్యాపులూ అంతే, బ్లాకుతో కలిపి తొలిచినవి. వేరే బ్లాకు క్యాప్ వేస్తే క్రాంక్ బిగుసుకోవచ్చు.

బేరింగ్ వీపు మీద ఎస్‌టీడీ, 010, 020 లాంటి గుర్తులుంటాయి. 020 అంటే ఆ బేరింగ్ అంగుళంలో వెయ్యింట 20 వంతులు, అంటే దాదాపు అర మిల్లీమీటర్ గ్రైండింగ్ చేసిన క్రాంక్‌ది. అక్కడ ఎస్‌టీడీ వేస్తే సందు ఎక్కువై ఆయిల్ ప్రెషర్ నిలవదు. పాత బేరింగ్ నంబర్ చూసి కొత్తది తెచ్చేయకండి, ముందు వేసిందే తప్పు కావొచ్చు. ప్రతి జర్నల్‌నీ మైక్రోమీటర్‌తో కొలిపించండి.

సెకండ్ హ్యాండ్ కొంటున్నారా?

బ్లాకు మీద ఉబ్బెత్తుగా కనిపించే నంబర్ పోత అచ్చుది. ఒకే అచ్చులోంచి వేర్వేరు ఇంజిన్లు రావొచ్చు. పంచ్ కొట్టిన ఇంజిన్ నంబర్ వేరే ఉంటుంది, అది ఆర్సీతో కలవాలి. కలవకపోతే ముందు ఆ సంగతి తేల్చుకోండి. పార్టులు కొనేటప్పుడు కూడా బానెట్ మీది పేరుకన్నా లోపలున్న ఇంజిన్‌నే నమ్మండి.

ఇంజిన్ విప్పేటప్పుడు పక్కనే ఉండండి. రాడ్ల నంబర్లు, బేరింగ్ వీపులు, పిస్టన్ తలలు ఫోన్‌లో ఫొటోలు తీసుకోండి. షాపులో "సేమ్ టు సేమ్" అంటే పాతదీ కొత్తదీ కౌంటర్ మీద పక్కపక్కనే పెట్టి చూపించమనండి. తేడా ఉంటే అప్పుడే వెనక్కిచ్చేయొచ్చు. ఒకసారి ఆయిల్ తగిలాక ఎవరు తీసుకుంటారు?