యూక్లిడ్ బీచ్‌లో మూసిన తలుపులు

తాగినవారి కేకలు వినబడని చోట, భార్యాబిడ్డలతో ఒక పూట నిశ్చింతగా గడపాలన్న కోరిక మన ఇళ్లకే పరిమితమైనది కాదు. నూట పాతికేళ్ల క్రితం అమెరికాలోని క్లీవ్‌లాండ్ నగరంలో ఒక కుటుంబం ఆ కోరికనే పెట్టుబడిగా చేసుకున్నది.

అప్పట్లో అమెరికా నగరాల శివార్లలో వినోద పార్కులు విరివిగా వెలుస్తుండేవి. వాటిలో చాలావాటిని ట్రామ్ కంపెనీలే నిర్మించాయి. సెలవు రోజుల్లోనూ బండ్లు నిండాలంటే లైను చివర ఏదో ఒక ఆకర్షణ ఉండాలి కదా! ఈరీ సరస్సు ఒడ్డున 1895లో ప్రారంభమైన యూక్లిడ్ బీచ్ పార్కుకు జనం ట్రామ్‌లలోనూ, స్టీమర్లలోనూ వచ్చేవారు. మొదట్లో అక్కడ బీరు ఏరులై పారేది. అక్కడే మొక్కజొన్న పేలాలు అమ్మిన హంఫ్రీ కుటుంబం 1901లో పార్కును తన చేతికి తీసుకుని, మద్యాన్ని పూర్తిగా నిషేధించింది. ప్రవేశ రుసుమును ఎత్తివేసింది. ఎక్కిన ఆటకే డబ్బు చెల్లించాలి. మద్యం లేకుంటే వ్యాపారం సాగదన్నవారి మాట అబద్ధమైంది. పార్కు ఆరు దశాబ్దాలకు పైగా నడిచింది.

అయితే ఆ మర్యాదకు మరో ముఖం ఉంది. నల్లజాతీయులకు అక్కడి నృత్యశాలలోను, స్కేటింగ్ రింకులోను ప్రవేశం లేదు. బీరు సీసాను, మనిషి చర్మపు రంగును ఒకే గాటన కట్టిన ఆ నీతిని ఏమనాలి? 1946 వేసవిలో తెల్లవారు, నల్లవారు కలిసి నృత్యశాలకు వెళ్లగా కాపలాదారులు వారిని బయటికి నెట్టారు. నిరసనలు చెలరేగాయి. సెప్టెంబరులో జరిగిన ఘర్షణలో ఒక నల్లజాతి పోలీసు తుపాకీ గాయానికి గురయ్యాడు. మరుసటి ఏడాది నగర కౌన్సిల్ వినోద పార్కుల్లో వివక్షను నిషేధిస్తూ శాసనం చేసింది. యాజమాన్యం తలుపులు తెరవక, నృత్యశాలను ప్రైవేటు క్లబ్బుకు అప్పగించి చట్టాన్ని తప్పించుకున్నది.

పార్కు పతనానికి ఈ ఒక్కటే కారణమనడం న్యాయం కాదు. కార్లు వచ్చాక జనం దూరప్రాంతాలకు పోసాగారు. ఈరీ సరస్సు మురికి కూపమైంది. ఖర్చులు పెరిగాయి. అదే ఒహాయో రాష్ట్రంలో, అదే సరస్సు తీరాన ఉన్న సీడర్ పాయింట్ మాత్రం కొత్త ఆటలతో కారు యుగాన్ని తట్టుకుని, నేటికీ నడుస్తున్నది. యూక్లిడ్ బీచ్ 1969 సెప్టెంబరు 28న మూతపడింది.

ఆ స్థలంలో ఇప్పుడు అపార్టుమెంట్లు ఉన్నాయి. 1910 నాటి రంగులరాట్నం మాత్రం మరమ్మతులు పొంది, 2014 నుంచి క్లీవ్‌లాండ్ చరిత్ర మ్యూజియంలో మళ్లీ తిరుగుతున్నది. దాని కొయ్య గుర్రాలపై ఎవరి పిల్లలైనా ఎక్కవచ్చు.