పాత వీధిలో సైడ్‌వాక్ పని: హియరింగ్‌కి వెళ్తే తెలిసిన సంగతులు

పోయిన అక్టోబర్‌లో మా అత్తయ్యగారు సాయంత్రం నడకకని బయల్దేరి, పట్టుమని పది అడుగులు వేయకుండానే, పైకి లేచిన రాతి పలక అంచు కాలికి తగిలి పడిపోయారు. కుడి మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు. ఆర్నెల్లు ఉండి వెళ్దామని వచ్చిన మనిషి ఎడమ చేత్తో స్పూను పట్టుకుని పప్పన్నం తింటుంటే, నాకు ఊరి మునిసిపాలిటీ మీద వచ్చిన కోపం ఇంతా అంతా కాదు.

మేముండేది న్యూజెర్సీలో ఒక చిన్న ఊరు. మా వీధి హిస్టారిక్ డిస్ట్రిక్ట్‌లోకి వస్తుంది. సైడ్‌వాక్ కాంక్రీటు కాదు, బ్లూస్టోన్ పలకలు. అత్తయ్యగారు వచ్చిన మొదటి రోజే "ఇవి అచ్చం మన కడప రాళ్ళలా ఉన్నాయే అమ్మాయ్" అన్నారు. కడప రాయి సున్నపురాయి, ఇది ఇసుకరాయి. కానీ పరిచే పద్ధతి మాత్రం ఇంచుమించు ఒకటే.

ఆవిడ కట్టు విప్పకముందే ఇంటికో ఉత్తరం వచ్చింది. మా వీధి రోడ్డు పైపొర తీసి కొత్త తారు వేస్తారట, పలకలు పెకలించి కాంక్రీటు పోస్తారట, దీపాలు మారుస్తారట. దీని మీద హిస్టారిక్ ప్రిజర్వేషన్ కమిషన్ ముందు హియరింగ్ ఉంది, రావచ్చు అని. నేనైతే పండగ చేసుకున్నాను. పక్కింటి పెద్దావిడ మాత్రం ఆ రాళ్ళు పోతాయని కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. ఈ ఊళ్ళో మనిషి చేతికన్నా రాయికి విలువెక్కువలా ఉందే అనుకున్నాను. ఆ కోపంతోనే ఫైలు మొత్తం చదివాను. బీఎస్సీ తర్వాత ఇంత శ్రద్ధగా చదివింది ఇదేనేమో!

ముందుగా మనవాళ్ళు చాలామంది పొరబడే సంగతి ఒకటి. "హిస్టారిక్" అన్న బోర్డు రెండు రకాలు. 1966లో వచ్చిన జాతీయ చట్టం కింద ఉన్న నేషనల్ రిజిస్టర్‌లో పేరు చేరితే అది ఎక్కువగా గౌరవం. మీ సొంత డబ్బుతో మీ ఇంటికి మీరేం చేసుకున్నా ఆ జాబితా అడ్డు చెప్పదు. ఊరు తన సొంత ఆర్డినెన్స్‌తో ఏర్పాటు చేసే లోకల్ డిస్ట్రిక్ట్ అలా కాదు. దేశంలో మొట్టమొదట 1931లో చార్ల్‌స్టన్ నగరం అలాంటిది పెట్టింది. అందులో ఉన్న ఇంటికి బయటి మార్పు చేయాలంటే సాధారణంగా కమిషన్ నుంచి సర్టిఫికెట్ కావాలి. ఇల్లు కొనేటప్పుడు రియల్టర్‌ని అడగాల్సింది ఈ రెండోదాని గురించి.

మరి పని చేసేది ఊరే అయితే? ఇక్కడే నాకు ఆసక్తి పుట్టింది. ఫెడరల్ డబ్బు ఉంటే 1966 చట్టంలోని సెక్షన్ 106 కింద సమీక్ష జరగాలి. న్యూజెర్సీలో 1970 నాటి చట్టం ఇంకో అడుగు ముందుకు వెళ్ళింది. రాష్ట్ర రిజిస్టర్‌లో ఉన్న ఆస్తి మీద రాష్ట్రమో కౌంటీయో మునిసిపాలిటీయో ప్రభావం పడే పని చేయబోతే ముందు రాష్ట్రం అనుమతి తీసుకోవాలి. ఊరి కమిషన్ మాటేమో మా దగ్గర సలహా మాత్రమే. టౌన్ కౌన్సిల్ దాన్ని వినొచ్చు, వినకపోవచ్చు. కాబట్టి కమిషన్ హియరింగ్‌కి వెళ్ళి ఊరుకుంటే సగం పనే అయినట్టు. అసలు ఓటు పడేది కౌన్సిల్ సమావేశంలో.

కమిషన్ చూసేది అందం ఒక్కటే కాదు. ఫెడరల్ ఇంటీరియర్ శాఖ పెట్టిన పది ప్రమాణాలున్నాయి. మా కమిషన్ కూడా వాటినే పట్టుకుంటుంది. అందులో మా గొడవకు పనికొచ్చింది ఇది: పాడైనదాన్ని వీలైనంతవరకు బాగుచేయాలి, మార్చక తప్పనంతగా పాడైతే పాతదానికి సరిపోయేలా కొత్తది పెట్టాలి. వీధి విషయంలో పలకల రాయి, బాట వెడల్పు, కర్బ్ ఎత్తు, చెట్ల వరుస, దీపం వెలుగు అన్నీ ఈ లెక్కలోకే వస్తాయి.

నడవలేనివాళ్ళ సంగతేంటి అని మీరు అడుగుతారు. నేనూ అదే అడిగాను. 1990 నాటి ఏడీఏ చట్టానికి చారిత్రక వీధి అన్న మినహాయింపు గుడ్డిగా దొరకదు. మా రాష్ట్రం కూడా ఉన్న థర్డ్ సర్క్యూట్ కోర్టు 1993లో ఫిలడెల్ఫియా కేసులో తేల్చి చెప్పింది: రోడ్డు పైపొర కొత్తగా వేస్తే అది మార్పు కిందికే వస్తుంది, కర్బ్ ర్యాంపులు కట్టాల్సిందే. ర్యాంపు వాలు 1:12 మించకూడదు, అంటే అంగుళం ఎత్తుకు కనీసం అడుగు పొడవు. చూపులేనివాళ్ళకు కాలికి తెలిసేలా బొడిపెల పలక పెట్టాలి. అది పసుపు రంగులోనే ఉండాలని అందరూ అనుకుంటారు. ఏడీఏ అడిగేది చుట్టూ ఉన్నదానితో ముదురు, లేత తేడా స్పష్టంగా కనబడటమే. పాత వీధుల్లో ఈ ఒక్క ముక్క తెలియక ఎంత పోట్లాట జరుగుతుందో!

ఇక పలక ఎందుకు లేచింది? కింద మేపుల్ చెట్టు వేరు లావెక్కింది. కాంక్రీటు పోసినా ఆ వేరు ఆగదు, దాన్నీ పగలగొడుతుంది. తేడా ఏమిటంటే, రాతి పలకను లేపి, కింద ఇసుక సర్ది, మళ్ళీ అదే పలకను పరవొచ్చు. పగిలిన కాంక్రీటును బద్దలుకొట్టి పారేయడమే. పాత ఇటుక గోడకి గానుగ సున్నం బదులు గట్టి సిమెంటు పూస్తే, ఆ చోట సిమెంటు నిలిచి ఇటుకే పొడి రాలుతుంది. మెత్తని దాని పక్కన గట్టిది పెడితే మెత్తనిదే ఓడిపోతుంది. ఇళ్ళ గోడల గురించి కమిషన్ పట్టుబట్టే కారణం చాలావరకు ఇదే.

ఫైలు చివర్లో ఉన్న ఆర్డినెన్స్ చదివినప్పుడు నా మొహం వాడిపోయింది. మా ఊళ్ళో ఇంటి ముందున్న సైడ్‌వాక్ మరమ్మతు ఇంటి యజమానిదే. న్యూజెర్సీలో చాలా ఊళ్ళలో ఇంతే. అత్తయ్యగారు పడింది మా ఇంటి ముందు. అంటే నేను మునిసిపాలిటీని తిట్టిన తిట్లన్నీ మాకే చెందాయి. ఆ పలక లేచిందని మాకు రెండేళ్ళుగా తెలుసు. "హిస్టారిక్ కదా, ముట్టుకుంటే ఫైన్ వేస్తారు" అని మా వారు, అవునని నేను, వదిలేశాం. తీరా కనుక్కుంటే, అదే రాయిని అదే చోట మళ్ళీ పరవడానికి మా ఊళ్ళో హియరింగ్ అక్కర్లేదు, ఆఫీసులో ఒక కాగితం చాలు. చెట్టు మాత్రం ఊరిది కాబట్టి వేరు కోయాలంటే షేడ్ ట్రీ కమిషన్‌ని అడగాలి.

ఆ రాత్రి అత్తయ్యగారికి ఈ మాట చెప్పడానికి చాలా ఇబ్బంది పడ్డాను. ఆవిడ కాసేపు ఊరుకుని, "పోన్లే అమ్మాయ్, ఇంకొకరు పడకుండా చూడండి" అన్నారు.

హియరింగ్‌లో మనిషికి మూడు నిమిషాలు. మాట్లాడటానికి సిటిజన్ కానక్కర్లేదు, ఓటు ఉండక్కర్లేదు, ఇల్లు అద్దెదైనా పర్లేదు. హెచ్ ఫోర్ మీద ఉన్నవాళ్ళకు ఈ మాట ప్రత్యేకంగా చెప్తున్నాను. నేను కాంక్రీటు కావాలని అడగలేదు, వద్దనీ అనలేదు. పలకలు ఉంచితే అవి మట్టంగా ఉన్నాయో లేదో ఎన్నాళ్ళకోసారి చూస్తారు, ఎవరు చూస్తారు అని అడిగాను. దీపాల గురించి కూడా ఒక మాట అన్నాను. 4000 కెల్విన్ అంటే నీలం కలిసిన తెలుపు, 2700 అంటే పాత బల్బు వెలుగు. శుక్లాలున్న కళ్ళకు మొదటిది మరీ గుచ్చుకుంటుంది, గడప మెట్టు కూడా సరిగా ఆనదు. గొంతు వణికింది కానీ మూడు నిమిషాల్లోనే ముగించాను. నా తర్వాత లేచిన పక్కింటావిడ నా ప్రశ్ననే మళ్ళీ అడిగారు.

కమిషన్ సలహాలో కౌన్సిల్ కొంత ఒప్పుకుంది. బాగున్న పలకలు లేపి మట్టం చేసి పరిచారు. పగిలిన వాటి స్థానంలో పాత బ్లూస్టోనే తెచ్చి వేశారు. మూలల్లో ర్యాంపులు లేత కాంక్రీటువి, వాటి మీద ముదురు బూడిద రంగు బొడిపెల పలకలు. ఏటా ఒకసారి ఇంజనీరింగ్ ఆఫీసు చూసి ఇంటి యజమానికి నోటీసు ఇస్తుంది. కర్బ్‌కి గ్రానైట్ అడిగితే డబ్బు లేదన్నారు, కాంక్రీటే వచ్చింది. దీపాల సంగతి వాయిదా పడింది.

మిగతా రెండు వీధుల హియరింగ్ వచ్చే నెల, దీపాలూ అప్పుడే. మూలింట్లో అద్దెకున్న తెలుగమ్మాయి ఈసారి తనూ వస్తానంది, స్ట్రోలర్ తోసుకుంటూ.